అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్: చాలాకాలం వాడాక నా మాట

పెళ్లి ఫొటోల పని మాది. కార్డుల్లో ఉన్నదంతా రెండు పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌ల్లోకి ఎక్కేదాకా టెన్షన్ తగ్గదు. ల్యాప్‌టాప్‌కేమో ఉన్నవి రెండే పోర్టులు. కార్డ్ రీడర్, రెండు డిస్క్‌లు, మౌస్ అన్నీ పెట్టాలంటే ఒక పోర్టును నాలుగైదుగా పంచే హబ్ తప్పదు.

మొదట అడాప్టర్ లేని మామూలు హబ్ వాడాను. ఒక డిస్క్‌తో బాగానే ఉండేది. రెండోది గుచ్చగానే టిక్కు టిక్కుమని చప్పుడు, తర్వాత రెండు డిస్క్‌లూ మాయం. కారణం చిన్న లెక్కే. యూఎస్‌బీ 3 పోర్టు నుంచి ప్రమాణం ప్రకారం వచ్చేది 5 వోల్టుల దగ్గర 900 మిల్లీ ఆంపియర్లు, పాత యూఎస్‌బీ 2 అయితే 500. హబ్‌కి నాలుగు నోళ్లున్నా తెచ్చుకునేది ఆ ఒక్క పోర్టు నుంచే. హార్డ్‌డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఇంచుమించు ఒక ఆంపియర్ లాగుతుంది, తిరిగాక తగ్గుతుంది. అందుకే గొడవంతా గుచ్చిన మొదటి క్షణాల్లోనే. విండోస్ డివైస్ మేనేజర్‌లో చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ కనిపించేది డిస్క్ తనకు కావాలని చెప్పుకున్న అంకె. అది నిజంగా లాగేది అక్కడ తెలియదు.

ఆ తర్వాత కొన్నది నాలుగు పోర్టుల హబ్, 12 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్‌తో. అంటే 24 వాట్లు. పోర్టుకి 900 మిల్లీ ఆంపియర్ల చొప్పున నాలుగూ నిండుగా వాడినా 18 వాట్లు దాటవు. నాకు నచ్చింది ఈ ఒక్క లెక్కే. ఏడు పోర్టులు, పది పోర్టులు అని మెరిసిపోయే హబ్‌లకు కొన్నిటికి 5 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్ ఇస్తారు. పది వాట్లు ఎంతమందికి పంచాలి? పోర్టులు లెక్కపెట్టేముందు అడాప్టర్ మీది చీటీ చదవండి.

ఇంట్లో ఈ హబ్ పెట్టాక ఆ టిక్కు టిక్కు మళ్లీ వినపడలేదు. తెలిసినవాళ్లందరికీ కళ్లు మూసుకుని కొనమని చెప్పాను. ఇప్పుడైతే కళ్లు తెరిచే కొనమంటాను.

ఒక కల్యాణ మండపంలో రాత్రి కార్డులు కాపీ అవుతుండగా కరెంటు పోయింది. జనరేటర్ అందుకోవడానికి కాసేపు పట్టింది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి తెర రెప్ప కూడా వేయలేదు. హబ్‌కి బ్యాటరీ ఎక్కడిది? అడాప్టర్ ఆగగానే అది ల్యాప్‌టాప్ కరెంటు మీదికి మారింది. మారే ఆ క్షణంలో డిస్క్‌లు రెండూ ఊడిపోయాయి, మళ్లీ రెండూ ఒకేసారి తిరగబోయాయి, ఉన్నదేమో 900 మిల్లీ ఆంపియర్లు. మళ్లీ పాత చప్పుడు! ఇంతలో జనరేటర్ వచ్చింది, హబ్ ఇంకోసారి ఊడి నిలబడింది.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (విండోస్ డిస్క్ మీద ఫైళ్లు సర్దే పద్ధతి) ఉన్న డిస్క్‌కి పెద్దగా ఏమీ కాలేదు, అప్పుడు కాపీ అవుతున్న ఫైలు ఒక్కటే పోయింది. రెండోది ఎక్స్‌ఫ్యాట్, అంటే విండోస్, మ్యాక్ రెండూ రాయగలిగే పద్ధతి. మా ఎడిటర్‌ది మ్యాక్, దాంట్లో ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ మీద రాయడం మామూలుగా కుదరదు, అందుకే అలా పెట్టాం. ఎక్స్‌ఫ్యాట్‌లో ఏ పని మధ్యలో ఆగిందో రాసిపెట్టుకునే చిట్టా ఉండదు. దాంతో ఒక ఫోల్డరు తెరుచుకోనంది. కార్డుల్లోంచి కట్ చేసే అలవాటు లేదు, కాపీయే చేస్తాను కాబట్టి పెళ్లివారికి చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు. ఆ రాత్రి మళ్లీ మొదటి నుంచీ ఎక్కించాం.

మందు వైఫై రౌటర్లకు వాడే చిన్న యూపీఎస్‌లో దొరికింది. 12 వోల్టులదే, పిన్ను సరిపోయింది, లోపలి వైపు ప్లస్ అని రెండిటి మీదా గుర్తు ఉంది, 2 ఆంపియర్లు ఇస్తుంది. ఇవన్నీ చూడకుండా పెట్టొద్దు. 5 వోల్టుల హబ్‌కి దీన్ని తగిలిస్తే హబ్ కాలిపోవచ్చు. ఇప్పుడు కరెంటు పోయినా డిస్క్‌లకు తెలియడం లేదు. కాకపోతే సంచిలో హబ్, యూపీఎస్, దాని అడాప్టర్, ఎక్స్‌టెన్షన్ బాక్స్. ల్యాప్‌టాప్ మీద భారం తగ్గింది, నా భుజం మీదికి వచ్చింది.

ఒక చిన్న పరీక్ష కూడా చేసుకోండి. ల్యాప్‌టాప్ ఆపేసి, చార్జర్ తీసేసి, హబ్‌కి మాత్రం కరెంటు ఇవ్వండి. ల్యాప్‌టాప్ రెండో పోర్టులో ఉన్న పెన్‌డ్రైవ్ లైటు వెలిగితే హబ్ కరెంటును వెనక్కి ల్యాప్‌టాప్‌లోకి తోస్తున్నట్టు అనుమానించాలి. అలాంటిది తిరిగి ఇచ్చేయడమే మంచిది. నా దాంట్లో ఆ రోగం లేదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉండి, బల్ల దగ్గరే పని అయితే ఈ రకం హబ్ హాయిగా కొనుక్కోవచ్చు. మౌసు, పెన్‌డ్రైవ్ మాత్రమే అయితే అడాప్టర్ లేనిదే చాలు. నాలా మండపాల్లో తిరిగేవాళ్లు యూపీఎస్ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి. చిప్‌ల మీద దాచుకునే ఎస్‌ఎస్‌డీల్లో తిరిగే చక్రం లేదు, ఆ మొదటి క్షణపు ఆకలీ ఉండదు. కానీ నాకు కావలసినంత జాగా ఉన్న ఎస్‌ఎస్‌డీలు రెండు కొనాలంటే ఈ సీజన్ డబ్బులు చేతికి రావాలి.