ఎర్ర తోక ఫొటో చూపించి నల్ల తోక అంటగడుతున్నాడు, బెంగళూరులో బొమ్మలు కొనేవాళ్ళు జాగ్రత్త

ఎవరి గురించో మీకు వేరే చెప్పక్కర్లేదు. మారతహళ్ళి వైపు నుంచి డ్రాగన్లూ సూపర్ హీరోలూ అమ్ముతూ, రోజూ పొద్దున్నే "అక్కలకీ అన్నలకీ శుభోదయం" అని గులాబీల ఫొటో పెడతాడు చూడండి, ఆయనే. పేరు రాస్తే పోస్టు లేపేస్తామన్నారు కాబట్టి రాయట్లేదు. మీలో చాలామంది ఆయన దగ్గర కొన్నవాళ్ళే, "సూపర్ బ్రో" అని చేతులు జోడించే బొమ్మలు పెట్టినవాళ్ళే. వాటిని చూసే నేనూ డబ్బు పంపాను. 6,800 రూపాయలు. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

జరిగింది ఇది. 2025 జూన్‌లో మనుషులతో తీసిన కొత్త "హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్" సినిమా వచ్చినప్పటి నుంచి ఈయన పేజీ నిండా అందులోని నల్ల డ్రాగన్ టూత్‌లెస్ బొమ్మలే. నాకు కొత్త సినిమాది వద్దు, 2010లో వచ్చిన పాత కార్టూన్ సినిమా బొమ్మ కావాలి, అది కూడా ఎర్ర తోకది. అడిగితే అరగంటలో నాలుగు ఫొటోలు పంపాడు. అబ్బ, ఏం ఫొటోలండీ! తోక చివర కుడివైపు నల్ల రెక్క, ఎడమవైపు ఎర్ర రెక్క, దాని మీద తెల్లటి వైకింగ్ పుర్రె గుర్తు, వీపు మీద జీను, జీను నుంచి తోక దాకా సన్నటి తీగ. పైన దాన్నెక్కి తిరిగే కుర్రాడు హిక్కప్ కూర్చుని ఉన్నాడు, ఎడమ కాలు ఇనప కాలు. "మా బామ్మర్ది అమెరికా నుంచి తెచ్చాడక్కా, సీల్ కూడా తియ్యలేదు. వేరేవాళ్ళు అడుగుతున్నారు గానీ మన తెలుగువాళ్ళకే ఇద్దామని పక్కన పెట్టా" అన్నాడు. సగం ముందు, సగం బైక్ అబ్బాయి వస్తువు తీసుకున్నాక. రెండు సగాలూ వెళ్ళిపోయాయి.

సినిమా చూడనివాళ్ళు "తోక రంగు తేడా వస్తే ఇంత గోలెందుకు" అనుకుంటారు. అనుకోకండి. అందులో ఉన్నదంతా ఆ తోకే.

బెర్క్ అని ఒక ద్వీపం. డ్రాగన్లు వచ్చి గొర్రెల్ని ఎత్తుకుపోతుంటాయి, వైకింగులనే పాతకాలపు సముద్ర యోధులు వాటిని చంపుతుంటారు, తరాలుగా ఇదే పని. నాయకుడి కొడుకు హిక్కప్, పదిహేనేళ్ళ బక్కపీచు. వాళ్ళ నాన్న దగ్గర మెప్పు పొందాలని, తాళ్ళ ఉచ్చు విసిరే యంత్రమొకటి తనే తయారుచేసి, చీకట్లో ఎగిరే నైట్ ఫ్యూరీ జాతి డ్రాగన్ని, అంటే మన టూత్‌లెస్‌ని, పడగొడతాడు. పొద్దున అడవిలో దాన్ని వెతికి పట్టుకుని, కత్తెత్తి, దాని కళ్ళలోకి చూసి చంపలేక తాళ్ళు కోసేస్తాడు. అదీ వాణ్ణి చంపకుండా వదిలేస్తుంది. కానీ పడ్డప్పుడు దాని తోకకి ఎడమ రెక్క పోయింది, ఇక ఎగరలేదు. హిక్కప్పే మళ్ళీ తోలూ ఇనుమూ పెట్టి దానికో రెక్క చేసి కడతాడు. ఆ రెక్క తెరుచుకోవాలన్నా మూసుకోవాలన్నా వీపు మీద కూర్చున్నవాడు కాలితో పెడల్ తొక్కాలి. వాడు లేకపోతే అది ఎగరలేదు. అది లేకపోతే వీడు ఎలాగూ ఎగరలేడు. చివరి యుద్ధంలో వీడి ఎడమ కాలు పోతుంది, ఆ ఇనప కాలు కూడా సరిగ్గా అదే పెడల్‌లో కూర్చుంటుంది. దానికీ ఎడమే, వీడికీ ఎడమే. ఒక్క డైలాగు లేకుండా ఎంత చెప్పారో చూడండి. ఆ ఎర్ర రెక్క అప్పుడు వస్తుంది.

2011లో ఇంకో చిన్న సినిమా వచ్చింది, అరగంట కూడా ఉండదు. అందులో హిక్కప్ దానికి పండగ కానుకగా, ఎవరి సాయమూ లేకుండా ఎగరగలిగే తోక చేసి ఇస్తాడు. అది ఎగిరిపోతుంది. పాపం వీడు ఇక రాదేమోనని కూర్చుంటాడు. తిరిగొస్తుంది, వచ్చి ఆ కొత్త తోకని నేలకేసి బాది ముక్కలు చేస్తుంది. పాత తోకే కావాలి, వాడు వీపెక్కితేనే ఎగురుతానని. నేనీ ముక్క ఎప్పుడు చూసినా ఏడుస్తాను, నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

ఇప్పుడు నా డబ్బా సంగతి. సీల్ అన్నాడు కదా, మామూలు బ్రౌన్ టేపు. తెరవగానే గుప్పుమని రంగు వాసన, నిన్నో మొన్నో పూసినట్టుంది. సినిమాలో దాని కళ్ళు ఆకుపచ్చగా ఉంటాయి, దీనికి పసుపు చుక్కలు, ఒకటి ముక్కు వైపు జారింది. సరే, అదీ భరిస్తాం. తోక చూశాను. రెండు రెక్కలూ నల్లవే. అచ్చులో పోసి తీసిన ఒకే ముక్క, అతుకు లేదు, పట్టీ లేదు, తీగ లేదు. జీను దగ్గర పెడల్ ఉండాల్సిన చోట ఒక బొడిపె. హిక్కప్‌ని తీసి చూస్తే వాడికీ రెండు కాళ్ళూ ఉన్నాయి, రెండింటికీ బూట్లు. బెంగళూరులో ఏ డాక్టరు చేశాడో గానీ ఇద్దరికీ ఒకేసారి పూర్తిగా నయమైపోయింది!

ఒక్కసారి ఆలోచించండి. డ్రాగన్‌కి తోక బాగున్న రోజుల్లో హిక్కప్ దాని వీపెక్కనేలేదు. వీపెక్కిన రోజు నుంచి దానికి ఎడమ రెక్క లేదు. అంటే ఈ డబ్బాలో ఉన్న దృశ్యం ఆ సినిమాల్లో ఎక్కడా జరగలేదు. అది తనే ఎగరగలిగితే ఆ కుర్రాడు పైన కూర్చుని చేసే పనేంటి, ఊరు చూడ్డానికి వెళ్తున్నాడా?

ఫోన్ చేశాను. మొదట బాగానే మాట్లాడాడు.

"చెప్పక్కా, చేరిందా? ఎలా ఉంది?"

"బాబూ, తోక తేడా వచ్చింది. నువ్వు పంపిన ఫొటోలో ఎడమది ఎర్ర రెక్క కదా, ఇందులో రెండూ నల్లవే."

"రెండు రెక్కలూ ఉన్నాయి కదక్కా?"

"ఉన్నాయి. ఉండకూడదు."

ఓ క్షణం ఆగి పకపకా నవ్వాడు. పక్కనెవరో ఉన్నట్టున్నారు, వాళ్ళకి కూడా చెప్పాడు, "రెండున్నాయంట, ఉండకూడదంట" అని. వాళ్ళూ నవ్వారు. "విరిగిపోయిన బొమ్మ వస్తే గొడవ పెట్టుకునేవాళ్ళని చూశాం గానీ మేడం, బాగున్న బొమ్మ వచ్చిందని గొడవ పెట్టుకునేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు.

నేను ఓపిగ్గానే చెప్పాను. ఫొటో ఒకటి, వస్తువు ఒకటి, వెనక్కి తీసుకోండి, బైక్ చార్జీ కూడా నేనే పెట్టుకుంటా అన్నాను. అప్పుడన్నాడు ఆ మాట.

"పిల్లలకా మేడం ఇది?"

"కాదు, నాకే."

"మీకా! ఈ వయసులో బొమ్మ తోకలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారా? ఒక పని చెయ్యండి, ఫోన్ మీ సారుకివ్వండి, ఆయనతో మాట్లాడతా."

మా సారుకి! డబ్బు పంపేటప్పుడు మా సారు గుర్తు రాలేదు. అడ్వాన్సు పడగానే "థాంక్యూ అక్కా, మీలాంటి కస్టమర్లే మాకు దేవుళ్ళు" అన్నప్పుడు మా సారు అక్కర్లేదు. బెళ్ళందూరు ఆఫీసులో పొద్దుట్నుంచి రాత్రి దాకా పని చేసి, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో నలిగి నేను సంపాదించిన డబ్బు అది. తిరిగి అడిగేసరికి ఇంట్లో మగాడు లైన్లోకి రావాలి. పోనీ ఇద్దామన్నా మావారికి నైట్ ఫ్యూరీకీ ఉడుముకీ తేడా తెలియదు. ఆయన పక్క గదిలోంచి "ఎవరూ, కరెంటు ఆఫీసా?" అని అడుగుతున్నారు. మోసం చేసినందుకు కాదు, నిజంగా చెప్తున్నా, ఈ ఒక్క మాటకే ఈ పోస్టు రాస్తున్నాను. లేకపోతే ఏడ్చి ఊరుకునేదాన్ని.

ఇవ్వనన్నాను. అప్పుడు గొంతు మార్చి, తనకేదో తెలిసినట్టు మొదలెట్టాడు. "ఇది మూడో పార్టు మోడల్ మేడం, మూడో పార్టులో తోక నల్లదే, మీరు చూసుండరు."

చూసుండనట! మూడో భాగం 2019లో వచ్చింది, అవును, అందులో హిక్కప్ చేసిచ్చిన కొత్త తోక నల్లదే, తనంతట తనే తెరుచుకుంటుంది. దాని జోడీ తెల్ల డ్రాగన్ లైట్ ఫ్యూరీతో కలిసి అది వెళ్ళిపోవడానికి వీలుగా చేసిన తోక. ఎక్కడో వెతికి పట్టుకున్నాడు పాపం, అక్కడిదాకా వచ్చాడు. కానీ మూడో భాగంలో కూడా హిక్కప్‌ది ఇనప కాలే కదా నాయనా. అప్పటికి వాడు పిల్లాడు కూడా కాదు, పెళ్ళీడు కుర్రాడు. నువ్వు పంపిన డబ్బాలో ఉన్నది మొదటి భాగంలో బొచ్చు కోటు వేసుకున్న పిల్లాడు, రెండు కాళ్ళతో. మొదటి భాగం పిల్లాణ్ణి మూడో భాగం తోక మీద ఎక్కించావు. ఇదే చెప్పాను, దాదాపు ఇవే మాటలు. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "అన్‌బాక్సింగ్ వీడియో ఉందా?"

ఉంది. డబ్బా తెరుస్తుంటే ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి తీసింది, మొదటి నుంచి చివరి దాకా, కట్ లేకుండా. పంపాను. "వీడియోలో టేపు కింద వైపు కనపడట్లేదు, మీరు ముందే తెరిచి మార్చి ఉండొచ్చు" అన్నాడు. అంటే నా దగ్గర ముందే ఒక దొంగ టూత్‌లెస్ ఉంది, దాన్ని ఈ డబ్బాలో పెట్టి అసలుది నేను దాచుకున్నానట. ఆ మెసేజ్‌కి జవాబు రాస్తుండగానే ఆయన ఫొటో మాయమైంది. బ్లాక్.

మళ్ళీ చెప్తున్నా, ఊరు కాని ఊళ్ళో తెలుగులో "అక్కా" అని పిలిస్తే మనకి కాస్త కరిగిపోయే జబ్బుంది. కన్నడవాళ్ళ కొట్టుకెళ్తే బిల్లు అడుగుతాం, డబ్బా తిప్పి చూస్తాం. మనవాడైతే బిల్లు అడగడం మర్యాద కాదనుకుంటాం. నేనూ అడగలేదు, చదువుకున్న దద్దమ్మని. ఒకళ్ళనొకళ్ళు నమ్ముకున్న ఇద్దరి కథని ఇలాంటివాణ్ణి నమ్మి కొన్నాను, అదింకా గొప్ప.

సరే, కొనేవాళ్ళకి నాలుగు మాటలు. డబ్బు పంపేముందు ఫొటోలు కాదు, వీడియో కాల్‌లో బొమ్మ చూపించమనండి, ఈ బొమ్మ అయితే తోక తిప్పి చూపించమనండి. కుంటిసాకులు చెప్తే వదిలేయండి. పిల్లలకి కొంటుంటే డబ్బా మీద ఐఎస్ఐ గుర్తుందో లేదో చూడండి, 14 ఏళ్ళ లోపు పిల్లల ఆట బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. నాకొచ్చిన డబ్బా మీద "4 ఏళ్ళు పైబడినవారికి" అని ఉంది గానీ ఐఎస్ఐ లేదు, తయారీదారు పేరూ లేదు. ఆ రంగు వాసన చూశాక చెప్తున్నా, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి అసలివ్వకండి.

నేను 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు రాయించాను. తెలుగులోనే మాట్లాడారు. దానివల్ల తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, మనం ఉంటున్న ఊళ్ళోనే వేయొచ్చు, అమ్మినవాడు ఎక్కడున్నా సరే. డబ్బు పంపిన రసీదు, చాట్, ఆయన పంపిన ఫొటోలు అన్నీ దాచుకున్నాను. మీరూ చాట్లు చెరిపేయకండి, ముఖ్యంగా బ్లాక్ అయిన కోపంలో.

ఇదే మనిషి దగ్గర దెబ్బతిన్నవాళ్ళుంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ఫిర్యాదులు కలిపి వేద్దాం. "బొమ్మేగా, పోనీలే" అని రాసేవాళ్ళు మాత్రం దయచేసి రాయకండి, ఆ సలహా ఇంట్లోనే అయిపోయింది.

నన్ను బ్లాక్ చేశాడు కాబట్టి నాకు కనపడదు గానీ, కె.ఆర్.పురంలో ఉండే మా ఫ్రెండు ఇందాకే స్క్రీన్‌షాట్ పంపింది. శనివారం కొత్త స్టాక్ వస్తోందట, ముందు బుక్ చేసుకున్న అక్కలకి 500 తగ్గింపట. కింద అవే నాలుగు ఫొటోలు, ఎర్ర తోకవి.