హన్మకొండలో ఫుడ్ టెస్టింగ్ వ్యాన్: పసుపు పరీక్ష చూశాక

మాది హన్మకొండలో కర్రీ పాయింట్. చౌరస్తాలో ఫుడ్ టెస్టింగ్ వ్యాన్ ఆగిందంటే, విడిగా కొన్న పసుపు పట్టుకెళ్లాను. లోపలున్న అమ్మాయి పసుపు నీళ్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కలేసింది. గులాబీ రంగొచ్చింది. మంచి పసుపైతే ఇంకాసిని నీళ్లు పోయగానే ఆ రంగు పోవాలట. పోలేదు! మెటానిల్ ఎల్లో అనే, తిండిలో వాడకూడని రంగు కలిసినట్టే అంది. కడుపు రగిలిపోయింది, ఆ పసుపు పిల్లలు తినే కూరల్లో వేస్తున్నాం మరి. ఇప్పుడు నిజామాబాద్ కొమ్ములు తెచ్చి గిర్నీలో పట్టిస్తున్నా.

ఓపిగ్గా చూపించారు, సేవకు నా పూర్తి మార్కులు. కాకపోతే మిర్చిలో పురుగుమందుల అవశేషాలు ఈ చుక్కలతో తేలవు. గ్యాస్ క్రోమటోగ్రాఫ్ లాంటి యంత్రాలు, నడిపే మనుషులు కావాలి. ఏనుమాముల మిర్చి మార్కెట్ ఉన్న ఊళ్లో వాటికి పనికేం కొదవ?

2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లెవరైనా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. సరుకు ప్రమాణాలకు తగ్గట్టు లేదని తేలితే ఫీజు వాపసిస్తారు. అనుమానముంటే అడగండి.