బాపు క్రెడిట్ కార్డు మీద యాడ్ ఆన్: సిబిల్ స్కోరుకు పనికొస్తుందా?

బాపు (నాన్న) కార్డుకు అనుబంధంగా ఇచ్చిన యాడ్ ఆన్ కార్డు చాలా కాలంగా వాడుతున్నా. ఖర్చులకైతే ఐదుకు నాలుగు మార్కులు, సొంత సిబిల్ స్కోరు (అప్పులు ఎంత సక్రమంగా కడతామో బ్యాంకులకు చెప్పే అంకె) పెంచుకోవడానికైతే ఒకటిన్నర.

ఆర్‌బీఐ నిబంధన ప్రకారం యాడ్ ఆన్ మీద గీకిన ప్రతి రూపాయికీ బాధ్యత అసలు కార్డుదారుదే. బిల్లు ఒకటే, లిమిటూ ఒకటే. కాబట్టి గడువులోగా కట్టిన మంచి పేరు కూడా బాపు ఖాతాకే పోతుంది. మీ సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా ఉండి, ‘ఓనర్‌షిప్’ దగ్గర ‘ఆథరైజ్డ్ యూజర్’ అని కనబడితే బ్యాంకు మీ వివరాలూ పంపుతున్నట్టు. అన్ని బ్యాంకులూ పంపవు. పంపే బ్యాంకయినా, దరఖాస్తులో మీ పాన్ సరిగ్గా లేకుంటే ఆ ఖాతా మీ రిపోర్టుకు చేరడం కష్టం. అమెరికాలో ఉన్న మనోళ్లు ‘అన్న కార్డులో పేరు చేర్చుకుంటే స్కోరు వచ్చింది’ అంటారు. అక్కడ అది నిజమే, ఇక్కడ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేసారి తీయకుండా మూడు నెలలకొకటి తీస్తే ఏడాదంతా కన్నేసి ఉంచొచ్చు.

పేరు రిపోర్టులోకి ఎక్కినా ఇంకో తిరకాసుంది. వ్యవసాయం ఉన్న ఇంట్లో జూన్, జూలైల్లో విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు కార్డు మీదే పడతాయి. లక్ష లిమిటులో 80 వేలు వాడేసి ఉంటారు. పత్తి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు చేరి పైసలు చేతికొచ్చేది అక్టోబరు దాటాకే. అప్పటిదాకా కనీస మొత్తం కట్టుకుంటూ పోతే చాలా కార్డుల్లో నెలకు 3.75 శాతం దాకా వడ్డీ. పైగా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా పోతుంది. ఆ 80 శాతం వాడకం మీ రిపోర్టులోనూ కనబడి స్కోరుకు దెబ్బ అవుతుంది. మీ వాటాకు విడిగా పరిమితి పెట్టించుకోవచ్చు, కానీ అది మీ ఖర్చుకే అడ్డు, బాపు ఖర్చుకు కాదు.

ఓటీపీ సంగతి ముందే అడగండి. కొన్ని బ్యాంకులు అసలు కార్డుదారు ఫోన్‌కే పంపుతాయి. మీరు హనుమకొండలో, బాపు జగిత్యాల పొలంలో ఉంటే కొన్న ప్రతిసారీ ఫోన్ చేయాలి. ఫోన్‌లో ఓటీపీ చెప్పడం పెద్దవాళ్లకు అలవాటు చేయడం మోసగాళ్లకు దారి చూపడమే.

స్కోరే కావాలంటే సొంత పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ (ఎఫ్‌డీ) పెట్టి దాని మీద కార్డు తీసుకోండి. జీతం చీటీ అడగరు. 20, 25 వేల ఎఫ్‌డీ చాలు, బ్యాంకును బట్టి అందులో 75 నుంచి 100 శాతం దాకా లిమిటు ఇస్తారు. కార్డు ఉన్నన్నాళ్లూ ఆ ఎఫ్‌డీ విరగ్గొట్టలేరు, కాబట్టి అత్యవసరానికి దాచుకున్న డబ్బు అందులో పెట్టొద్దు. 20 వేల లిమిటుంటే బాకీ ఆరు వేలు దాటనివ్వకండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు నెలకోసారి కాక, 15వ తేదీ నాటికి, నెలాఖరు నాటికి ఉన్న లెక్క పంపాలన్నారు. కాబట్టి పెద్ద ఖర్చు పడితే బిల్లు కోసం చూడకుండా ముందే కట్టేయండి. ఆటో డెబిట్‌లో ‘మినిమం’ కాదు, ‘టోటల్ అమౌంట్ డ్యూ’ ఎంచుకోవాలి. బండి షోరూంలో ఫైనాన్స్ వాళ్లు ‘స్కోరు మైనస్ ఒకటి చూపిస్తోంది’ అనేది అసలు చరిత్రే లేనప్పుడు. ఆరు నెలలు సక్రమంగా వాడితే సాధారణంగా అంకె పడుతుంది.

యాడ్ ఆన్ వద్దనుకుంటే బాపు చేతే బ్యాంకుకు అర్జీ పెట్టించండి. మూసేశాక కూడా రిపోర్టులో తెరిచే ఉన్నట్టు కనబడితే బ్యూరో సైట్‌లో డిస్ప్యూట్ (తప్పు సరిచేయమనే ఫిర్యాదు) వేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి.