నేమ్‌ఐ: అప్‌గ్రేడు తర్వాత నా ఫైళ్లు నాకు తెచ్చిపెట్టిన చిన్న కమాండు

డెబియన్ 13 (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) ఎలా ఉందని అడిగితే నేను చెప్పగలిగింది తక్కువ. బాగానే ఉంది. 10వ వెర్షను నుంచి ఇదే వాడుతున్నాను, ఎప్పుడు మారినా పెద్ద తలనొప్పులు రాలేదు. ఈ సమీక్ష దాని గురించి కాదు. దానితోపాటే వచ్చి, ఎవరూ పట్టించుకోకుండా ఒక మూల పడి ఉండే, ఫైలు దాకా దారిలో ఎక్కడ ఎవరికి ఏ హక్కులున్నాయో చూపే నేమ్‌ఐ అనే కమాండు గురించి. యుటిల్-లైనక్స్ ప్యాకేజీలో భాగం కాబట్టి ప్రత్యేకంగా ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. మీ దగ్గర ఇప్పటికే ఉండి ఉంటుంది, మీకు తెలియదంతే.

చిన్న పత్రికలకూ పుస్తకాలకూ పేజీలు అమర్చడం నా వృత్తి. ప్రూఫులు మా మేనల్లుడు చూస్తాడు. కంప్యూటరు ఒకటే, ఖాతాలు వేరు. 2025 ఆగస్టులో 13 విడుదలయ్యాక, ఎలాగూ మారుతున్నాం కదా అని కొత్త ఎస్ఎస్‌డీ కొని, ఒక దుకాణంలో ఇచ్చి దాని మీద సరికొత్తగా ఇన్‌స్టాల్ చేయించాను. ఏళ్ల తరబడి పోగైన ఫైళ్లున్న పాత హార్డ్‌డిస్కును రెండో డిస్కుగా ఉంచమన్నాను. చెప్పినట్టే చేసి, రూటు (కంప్యూటరు మీద సర్వాధికారాలున్న ఖాతా) పాస్‌వర్డును బిల్లు వెనకాల రాసిచ్చారు. ఇంటికొచ్చి మా ఇద్దరి ఖాతాలూ నేనే తెరిచాను.

మొదటి పుస్తకం ఫైలు తెరవగానే లిబ్రేఆఫీస్ నెత్తిన ఒక పట్టీ ప్రత్యక్షమైంది: ఇది చదవడానికి మాత్రమే. రెండో ఫైలుకూ అదే. ఆ ఫోల్డరులో కొత్త ఫైలు పెట్టబోతే పర్మిషన్ లేదు పొమ్మంది. అక్షరమక్షరం నేను టైపు చేసిన పుస్తకాలవి! విచిత్రం ఏమిటంటే మేనల్లుడి పాత ఫోల్డరులో మాత్రం నాకు సర్వాధికారాలూ ఉన్నాయి. రాయొచ్చు, చెరపొచ్చు. వాడు వెనక నిలబడి చూస్తూ, "మామయ్యా, నా ఫైళ్లకు మీరు ఓనరెప్పుడయ్యారు?" అన్నాడు.

ఇలాంటి సందర్భంలో ఎవరిని అడిగినా వచ్చే మందు ఒకటే: డిస్కు మొత్తానికి 777 ఇచ్చేయండి. అంటే ఈ కంప్యూటరులో ఖాతా ఉన్న ప్రతివాళ్లూ, నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ ఆ ఫైళ్లను చదవొచ్చు, మార్చొచ్చు, తీసేయొచ్చు అని రాసివ్వడం. పైగా ఎవరి ఫైలు ఎవరిదనే గొడవ అప్పటికీ తేలదు. ఆ సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నేమ్‌ఐకి మైనస్ ఎల్ చేర్చి, ఫైలు పూర్తి దారి ఇచ్చాను. ఈ కమాండు చేసే పనల్లా ఒకటే. అన్నిటికంటే పై ఫోల్డరు దగ్గర మొదలుపెట్టి ఫైలు దాకా మధ్యలో తగిలే ప్రతి ఫోల్డరునూ ఒక్కో వరుసలో రాస్తుంది. ప్రతి వరుసలో పర్మిషన్లు, యజమాని, గ్రూపు, చివర పేరు. మొదటి రెండు వరుసల్లో రూటు, రూటు అని ఉంది. ఆ కింద నా పుస్తకాల ఫోల్డరు మొదలైన చోటి నుంచీ యజమాని స్థానంలో టెస్ట్ అనే పేరు! చివరి ఫైలు దాకా టెస్ట్, టెస్ట్, టెస్ట్. మేనల్లుడి ఫోల్డరుకు అడిగితే యజమానిగా నా పేరు.

అంతే, విషయం తేలిపోయింది. ఎక్స్‌ట్4 అనే లైనక్స్ పద్ధతిలో అమర్చిన డిస్కు మీద ప్రతి ఫైలుకూ యజమాని పేరు రాసి ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. ఆ అంకె ఎవరిదో చూసి పేరు చూపించేది అప్పుడు నడుస్తున్న సిస్టమ్. డెబియన్‌లో మొదట తెరిచిన ఖాతాకు 1000, తర్వాతి దానికి 1001 వస్తాయి. పాత సిస్టమ్‌లో నేను 1000, మేనల్లుడు 1001. దుకాణంలో ఇన్‌స్టాల్ చేసిన కుర్రవాడు పరీక్షించుకోవడానికి టెస్ట్ అని ఒక ఖాతా తెరిచి అలాగే వదిలేశాడు. 1000 దానికి పోయింది, నేను 1001 అయ్యాను, మేనల్లుడు 1002కి జరిగాడు. డిస్కు మీద ఒక్క ఫైలూ మారలేదు. చదివే సిస్టమ్‌లో పేర్లు ఒక్కో మెట్టు కిందికి దిగాయి.

ఇదే సంగతి, ఫోల్డరులో ఏమున్నాయో చూపే ఎల్ఎస్ మైనస్ ఎల్‌తోనూ తెలుసుకోవచ్చు కదా అంటారేమో. తెలుసుకోవచ్చు, ఒక్కో ఫోల్డరులోకీ దిగి అడుగుతూ పోతే. మొత్తం దారిని ఒకేసారి నిలువుగా పేర్చి చూపితే, పేరు ఎక్కడ మారిందో కంటికి తగులుతుంది. నా సంబరమంతా ఆ నిలువు పట్టిక గురించే.

సరిచేయడానికి డిస్కును ముట్టుకోనేలేదు, ఖాతాల అంకెలే మార్చాను. ఖాతా వాడుకలో ఉంటే, అంకె మార్చే యూజర్‌మోడ్ కమాండు ఒప్పుకోదు. అందుకని ఇద్దరం లాగౌట్ అయ్యాం. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి అక్షరాలు మాత్రమే ఉండే తెరకు వెళ్లి, బిల్లు వెనకాల ఉన్న పాస్‌వర్డుతో రూటుగా లాగిన్ అయ్యాను. టెస్ట్ ఖాతాను దాని హోమ్ ఫోల్డరుతో (ఖాతా సొంత ఫోల్డరు) సహా తీసేశాను. 1000 ఖాళీ అయింది, నేను అందులోకి జరిగాను. నేను ఖాళీ చేసిన 1001లోకి మేనల్లుడు. ఈ క్రమం తప్పకూడదు. హోమ్ ఫోల్డరులోని ఫైళ్ల యజమాని అంకెను యూజర్‌మోడ్ తనే మార్చేస్తుంది. గ్రూపుల సంగతి అలా కాదు. గ్రూప్‌మోడ్ గ్రూపు అంకెను మార్చి ఊరుకుంటుంది, ఫైళ్ల గ్రూపు మార్చే సీహెచ్‌జీఆర్‌పీ మనమే నడపాలి. అది కూడా అయ్యాక లాగిన్ అయితే పాత డిస్కు మొత్తం ఎవరిది వాళ్లకు వచ్చేసింది.

ఇక రెండో పేచీ. జరుగుతున్న పుస్తకం ప్రూఫుల ఫోల్డరును నా కొత్త హోమ్‌లో పెట్టుకున్నాను. పాత సిస్టమ్‌లో మేనల్లుడు తన ఖాతా నుంచే దాన్ని తెరిచేవాడు, ఇప్పుడు తెరుచుకోవడం లేదు. వాడి స్నేహితుడెవరో ఫోనులో చెప్పిన ప్రకారం ఆ ఫోల్డరుకు 777 కూడా ఇచ్చి చూశాం. ఊహూఁ. వాడి ఖాతాలోంచే నేమ్‌ఐ నడిపాం. మూడో వరుసలో, నా హోమ్ దగ్గర, డీ (ఫోల్డరు అని గుర్తు) తర్వాత యజమానికి ఆర్‌డబ్ల్యూఎక్స్ (చదివే, రాసే, దాటే హక్కులు), ఆ పైన గ్రూపుకూ ఇతరులకూ ఏ హక్కూ లేదని వరుసగా ఆరు గీతలు. దాని కింద ప్రూఫుల పేరు పక్కన పర్మిషన్ డినైడ్. అంటే హోమ్ 700లో, నాకు తప్ప ఎవరికీ తెరుచుకోని స్థితిలో ఉంది. నాలుగు గడపలు దాటి వెళ్లాల్సిన ఇంట్లో మూడో గడప దగ్గరే తలుపు వేసి ఉంటే, లోపలి గది బార్లా తెరిచి ఏం లాభం? ఫోల్డరుకు ఎక్స్ అంటే దాటిపోయే హక్కు. దారిలో ఏ ఒక్క చోట అది లేకపోయినా ఆ తర్వాతివేవీ లెక్కలోకి రావు.

ఇది కూడా అప్‌గ్రేడు పుణ్యమే, కానీ తప్పు కాదు. డెబియన్ 12 నుంచి, ఖాతాలు తెరిచే యాడ్‌యూజర్ కమాండు కొత్త ఖాతాల హోమ్‌ను 700తోనే తెరుస్తోంది, అంతకుముందు 755 (ఇతరులూ చూడొచ్చు, మార్చలేరు). పాత ఖాతాలను అది తాకదు. అందుకే ఉన్న సిస్టమ్‌నే 11 నుంచి 12కు పెంచుకున్నప్పుడు నాకు తేడా కనబడలేదు. కొత్తగా ఇన్‌స్టాల్ చేశాకే ఎదురైంది. ఒకరి ఇంటి ఫైళ్లు మరొకరికి కనబడకపోవడమే సబబని నా అభిప్రాయం. అందుకే హోమ్‌ను 755 చేయలేదు. ప్రూఫుల ఫోల్డరునే ఎవరి హోమ్‌లోనూ లేని ఎస్ఆర్‌వీ అనే ఫోల్డరు కిందికి తరలించి, మా ఇద్దరికీ కలిపి ఒక గ్రూపు చేసి, 2770 (యజమానికీ గ్రూపుకూ అన్ని హక్కులు, ఇతరులకు ఏవీ లేవు) ఇచ్చాను. ముందున్న ఆ 2 వల్ల అందులో పుట్టే ప్రతి ఫైలుకూ మా గ్రూపే అంటుకుంటుంది.

నేమ్‌ఐని ఇంతగా మెచ్చుకున్నాను కాబట్టి మిగతాది కూడా చెప్పాలి. గ్రూపు అంటుకుంది కానీ, కొత్త ఫైళ్ల హక్కులను కోసే యూమాస్క్ అనే అమరిక 022 కావడంతో కొత్త ఫైళ్లలో గ్రూపుకు రాసే హక్కు రాలేదు. మేనల్లుడు తప్పులు చూడగలడు, దిద్దలేడు. సెట్‌ఎఫ్ఏసీఎల్‌తో ఆ ఫోల్డరుకు డిఫాల్ట్ ఏసీఎల్ (ఫలానా వాళ్లకు విడిగా హక్కులిచ్చే జాబితా) పెట్టాక ఆ చిక్కు తీరింది. అప్పటి నుంచి నేమ్‌ఐ మాట అక్కడక్కడ తేడాగా ఉంటోంది. ఏసీఎల్ సంగతి దానికి పట్టదు. పాత డిస్కు మీద ఒక ఫోల్డరుకు మేనల్లుడి పేరు మీద ఏసీఎల్ ఇచ్చాను. పట్టికలో ఇతరులకు మూడు గీతలే కనబడతాయి, వాడేమో అందులోకి హాయిగా వెళ్లొస్తున్నాడు. ఎల్ఎస్ అయితే కనీసం పక్కన ఒక కూడిక గుర్తు వేసి హెచ్చరిస్తుంది, నేమ్‌ఐ అదీ చేయదు. డెబియన్ 10 నుంచి మామూలుగానే పనిచేస్తున్న, ప్రోగ్రాములకు హద్దులు గీసే యాప్‌ఆర్మర్ అడ్డుపడినా దీనికి తెలియదు. అలాంటప్పుడు వరుసలన్నీ సవ్యంగానే కనిపిస్తాయి, ఫైలు మాత్రం తెరుచుకోదు. సిస్టమ్ లాగులో డినైడ్ అనే మాట కోసం వెదుక్కోవాల్సిందే.

అప్‌గ్రేడు తర్వాత భయపెట్టిన మరో సందేశం గురించి రెండు ముక్కలు. డౌన్‌లోడ్స్‌లో ఉన్న డెబ్ ఫైలును (డెబియన్ ప్యాకేజీ) ఆప్ట్‌తో (ప్యాకేజీలు ఎక్కించే కమాండు) ఇన్‌స్టాల్ చేస్తే, ఈ ఫైలును అండర్‌స్కోర్ ఏపీటీ అనే యూజరు చూడలేకపోయాడు, కాబట్టి రూటుగానే తెచ్చుకున్నాం అన్న అర్థంలో ఒక వాక్యం వస్తుంది. చూడటానికి ఏదో కొంప మునిగినట్టుంటుంది. అది నోటీసే, ఎర్రర్ కాదు. ప్యాకేజీ అప్పటికే ఎక్కేసి ఉంటుంది. డౌన్‌లోడ్ పనికి ఆప్ట్ తన రూటు అధికారాన్ని వదులుకుని ఆ చిన్న యూజరుగా మారుతుంది, అతడు 700 ఉన్న మన హోమ్‌ను దాటలేడు. పట్టికలో మళ్లీ ఆ మూడో వరుసే. తాత్కాలిక ఫైళ్ల ఫోల్డరు టీఎంపీలో పెట్టి ఇన్‌స్టాల్ చేస్తే నోటీసు రాదు. 13లో టీఎంపీ మెమరీలో ఉంటుంది కాబట్టి రీస్టార్ట్ చేస్తే అందులోవి పోతాయి, దాచుకోవాల్సినవి అక్కడ పెట్టకండి.

మరి వాడాలా వద్దా? ఒక్కరే వాడుకునే ల్యాప్‌టాప్ అయితే మీకు దీనితో పని పడకపోవచ్చు. ఆఫీసు నెట్‌వర్కు ఫోల్డర్లతో కుస్తీ పట్టేవాళ్లకు సగం సమాధానమే దొరుకుతుంది, అక్కడ అడ్డు తరచుగా సర్వరు వైపు ఉంటుంది. టెర్మినల్ అంటే గిట్టనివాళ్లు ఫైల్ మేనేజరులో ఒక్కో ఫోల్డరు ప్రాపర్టీస్ తెరిచి చూసుకోవచ్చు, ఓపిక ఉంటే. నావి ఒక కంప్యూటరు, రెండు ఖాతాలు, రెండు ఎక్స్‌ట్4 డిస్కులు. ఇంతవరకైతే పర్మిషన్ అన్న మాట కనబడగానే ముందు నేమ్‌ఐనే నడుపుతున్నాను. ఏసీఎల్ పెట్టిన ఆ రెండు ఫోల్డర్లకు మాత్రం ఏసీఎల్‌ను చూపే గెట్‌ఎఫ్ఏసీఎల్.