స్లైడర్ కాంపొనెంట్ కొంటున్నవారికి హెచ్చరిక: డెమో చూసి డబ్బు కట్టకండి

వెబ్ అప్లికేషన్‌లో పెట్టుకోవడానికి స్లైడర్ కాంపొనెంట్‌ను (పట్టీ మీద గుండీని జరిపి అంకెను ఎంచుకునే రెడీమేడ్ భాగాన్ని) డబ్బు పెట్టి కొనాలనుకుంటున్న తోటి డెవలపర్లు కార్డు నంబరు కొట్టే ముందు ఒక్కసారి ఇది చదవాలని నా మనవి. ఈమధ్య ఒక విదేశీ విక్రేత దగ్గర 49 డాలర్లు పెట్టి అటువంటిదొకటి కొన్నాను. బ్యాంకువారి మారకపు రుసుముతో కలిపి నాలుగు వేల మూడు వందల పైచిలుకు రూపాయలయ్యాయి. ఆ డబ్బుకంటే, దాన్ని బాగు చేసుకోవడానికి తగలేసిన పదకొండు రోజులే నన్ను ఎక్కువ బాధించాయి. విక్రేత పేరు రాయడం లేదు. నాకు ఎదురైన లోపాలు ఏ దుకాణంలో కొన్న సరుకులోనైనా ఉండదగినవే కనుక, పేరుకంటే వాటిని పట్టుకునే తీరు తెలియడమే మీకు ఉపయోగం.

పని చిన్నదే. ఒక సహకార పరపతి సంఘానికి రుణ వాయిదాలు లెక్కగట్టే పేజీ చేసివ్వాలి. రుణం మొత్తం, వడ్డీ రేటు, ప్రాసెసింగ్ ఫీజు శాతం, గడువు అనే నాలుగింటినీ సభ్యుడు స్లైడర్‌తో జరుపుకుంటూ ఉంటే కింద నెలవారీ వాయిదా మారుతూ కనిపించాలి. ఐదోది రెండు గుండీల స్లైడర్: నెలకు ఎంత నుంచి ఎంత వరకు కట్టగలరో సభ్యుడే చూపించాలి. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ఇన్‌పుట్ టైప్ రేంజ్ అనే సొంత స్లైడర్ ఎప్పటి నుంచో ఉన్న సంగతి నాకు తెలియక కాదు. కానీ దానికి రెండు గుండీలు ఉండవు. పైగా గుండీకి రంగు, ఆకారం మార్చాలంటే క్రోమ్, సఫారీలకు ఒక సెలెక్టరు (ఏ భాగానికి రూపం మార్చాలో చెప్పే గుర్తు), ఫైర్‌ఫాక్స్‌కు మరొకటి విడివిడిగా రాయాలి. ఈ తలనొప్పి ఎందుకు, అన్నీ మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చని చెబుతున్నది కొనేస్తే పోతుంది కదా అనుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

డెమో పేజీ చూడముచ్చటగా ఉంది. గుండీ మెత్తగా జారుతోంది, పట్టీ రంగు మారుతోంది, పైన చిన్న బుడగలో అంకె కనిపిస్తోంది. అయితే అక్కడి స్లైడర్లన్నీ 0 నుంచి 100 వరకే ఉన్నాయని, మెట్టు విలువ (గుండీ ఒక మెట్టు జరిగితే అంకె ఎంత మారాలన్నది) అన్నిటికీ 1 అని, నేను వాటిని ల్యాప్‌టాప్‌లో మౌస్‌తోనే జరిపి చూశానని కొన్న తరువాత గానీ గుర్తు రాలేదు.

మొదటి దెబ్బ సంఘం కార్యాలయంలోనే తగిలింది. కార్యదర్శి గారు తమ ఫోన్‌లో పేజీ తెరిచి గుండీ మీద వేలు పెట్టి లాగారు. గుండీ కొంచెం కదిలింది, దానితోపాటు పేజీ మొత్తం కిందికి జారిపోయింది. ఆయన మళ్లీ లాగారు, మళ్లీ జారింది. “ఇది పారిపోతోందండీ” అన్నారు ఆయన, కోపం లేకుండానే. ఇంటికి వచ్చి కోడు విప్పి చూస్తే కారణం తెలిసింది. వేలి కదలికను పట్టుకునే లిజనర్ అనే కోడును డాక్యుమెంట్‌కు, అంటే పేజీ మొత్తానికి తగిలించి, అందులో బ్రౌజరు మామూలుగా చేసే పనిని ఆపమనే ప్రివెంట్ డిఫాల్ట్ పిలిచి పేజీ కదలకుండా ఆపాలని చూశారు. 2017లో వచ్చిన క్రోమ్ 56 నుంచి డాక్యుమెంట్‌కు తగిలించిన టచ్ లిజనర్లను బ్రౌజరు తనంతట తానే పాసివ్‌గా పరిగణిస్తుంది. అంటే ఆ పిలుపును పట్టించుకోదు. గుండీకి, పేజీ రూపురేఖలు రాసే సీఎస్‌ఎస్‌లో టచ్ యాక్షన్ అనే ఒక్క వరుస రాసి ఉంటే సరిపోయేది. ఇన్నేళ్లుగా ఆ ఒక్క వరుస చేర్చని సరుకును కొత్తదని అమ్ముతున్నారు.

తరువాతిది అంకెల గొడవ. రుణం గుండీని పదిహేను లక్షల దగ్గర ఆపితే బుడగలో 1,500,000 అని వచ్చింది. మన కంటికి అలవాటైనది 15,00,000. అక్కడే ఉన్న ఒక సభ్యుడు కామాలు చూసి పదిహేను లక్షలా, లక్షన్నరా అని అడిగారు. అప్పు విషయంలో ఆ అనుమానం చిన్నది కాదు. బ్రౌజరులో ఉండే ఇంటిల్ నంబర్ ఫార్మాట్ అనే సౌకర్యానికి మన దేశపు లొకేల్ (ప్రాంతపు రాత పద్ధతి) ఇస్తే లక్షల కామాలు సరిగ్గా పడతాయి. కానీ ఈ కాంపొనెంట్‌లో మూడేసి అంకెలకు కామా పెట్టే పనిని చేత్తో రాసి, మార్చే వీలు లేకుండా లోపల బిగించేశారు. ఫీజు స్లైడర్ ఇంకో వింత చేసింది. మెట్టు 0.1గా పెట్టి ఏడో మెట్టు దగ్గర ఆపితే 0.7 బదులు 0.7000000000000001 అని పొడుగాటి తోక కనిపించింది. కంప్యూటరు దశాంశాలను 0, 1 అనే రెండే అంకెల (బైనరీ) పద్ధతిలో దాచుకోవడం వల్ల వచ్చే ఈ తోక గురించి ప్రోగ్రామర్లందరికీ తెలుసు. మెట్టు విలువలో ఎన్ని దశాంశ స్థానాలున్నాయో చూసి అంతవరకే గుండ్రం చేయడం స్లైడర్ రాసేవారు మొదటి రోజే చేయాల్సిన పని.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది రెండు గుండీల స్లైడర్. రెండింటినీ కుడి చివరకు, అంటే గరిష్ఠం దగ్గరకు తెచ్చి వదలండి. ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. పైన ఉన్నది గరిష్ఠపు గుండీ. అది ఇంక కుడికి పోలేదు, కనిష్ఠపు గుండీ అడ్డు కనుక ఎడమకూ రాలేదు. ఎడమకు రాగలిగిన కనిష్ఠపు గుండీ దాని కింద ఉండిపోయింది కనుక వేలికి అందదు. పేజీ మళ్లీ తెరిస్తే తప్ప ఆ ముడి విడదు. డెమోలో రెండు గుండీలూ 25 దగ్గర, 75 దగ్గర ఎడంగా నిలబడి ఉన్నాయి. ఆ రెంటినీ ఎవరూ ఒకచోటికి తీసుకురారనే నమ్మకం మీదే అమ్మకం సాగుతోందని నా అనుమానం.

సంఘంలో లెక్కలు చూసే ఉద్యోగి ఒకరికి చూపు లేదు. ఆయన తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో పని చేస్తారు. పేజీ తెరవగానే స్క్రీన్ రీడర్ శీర్షిక చదివింది, ట్యాబ్ మీట నొక్కితే తిన్నగా చివరి బటన్ చదివింది. మధ్యలో ఉన్న ఐదు స్లైడర్లూ దాని లెక్కలో లేనే లేవు. అవన్నీ ఉత్త డివ్‌లు, అంటే తామేమిటో చెప్పని ఖాళీ పెట్టెలు. స్లైడర్ అని చెప్పే రోల్ గానీ, ఇప్పటి విలువ, కనిష్ఠం, గరిష్ఠం స్క్రీన్ రీడర్‌కు తెలిపే ఏరియా (ARIA) గుణాలు గానీ, బాణం మీటలతో జరిపే సౌకర్యం గానీ వాటికి లేవు. బ్రౌజరు సొంతంగా ఇచ్చే రేంజ్ ఇన్‌పుట్‌కు ఇవన్నీ పుట్టుకతోనే వస్తాయి. ఉచితంగా వచ్చే సౌకర్యాన్ని తీసేసి, మిగిలినదానికి నా దగ్గర 49 డాలర్లు తీసుకున్నారన్న మాట.

మరి నచ్చినట్టు మార్చుకోవడం అన్నది ఏమిటంటే, పట్టీకీ గుండీకీ రంగులు, గుండీకి మూడు ఆకారాలు. అంతే. బుడగలో అంకె బదులు “5 సంవత్సరాలు” అని చూపాలనుకుంటే, బుడగ వెడల్పును అక్షరాల సంఖ్యతో లెక్కగట్టడం వల్ల వత్తులూ గుణింతాలూ ఉన్న తెలుగు మాటకు ఎప్పుడూ తప్పు కొలతే వచ్చేది. గుండీ జరుగుతున్నంతసేపూ విలువ కావాలా, వేలు ఎత్తిన తరువాత కావాలా అని ఎంచుకునే వీలు కూడా లేదు. బ్రౌజరు రేంజ్‌లో మొదటిదానికి ఇన్‌పుట్ ఈవెంట్ (కోడుకు అందే కబురు), రెండోదానికి చేంజ్ ఈవెంట్ వేరువేరుగా ఉంటాయి. ఇందులో కదిలిన ప్రతిసారీ ఒకటే ఈవెంట్ రావడంతో, గుండీని ఒకసారి లాగితే నా సర్వరుకు డజన్ల కొద్దీ అభ్యర్థనలు వెళ్లాయి.

లైసెన్సు సంగతి క్లుప్తంగా చెబుతాను. అది ఒక్క డొమైన్‌కే చెల్లుతుంది, నేను పరీక్ష కోసం వాడిన చిరునామానే ఆ ఒక్కటిగా లెక్కించారు. అసలు చిరునామాకు మార్చగానే స్లైడర్ మీద వారి పేరు అడ్డంగా ప్రత్యక్షమైంది. డబ్బు వాపసు అడిగితే ఫైలు డౌన్‌లోడ్ అయింది కనుక కుదరదన్నారు. నిజానికి ఆ షరతు కొనుగోలు పేజీ అడుగున ఉంది, చదవకపోవడం నా పొరపాటే.

చివరకు నాలుగు స్లైడర్లకు బ్రౌజరు రేంజ్‌నే పెట్టాను. యాక్సెంట్ కలర్ అనే సీఎస్‌ఎస్ గుణంతో సంఘం వారి ఆకుపచ్చ రంగు ఒక్క వరుసలో వచ్చేసింది. ప్రతి స్లైడర్ పక్కనే అంకె నేరుగా కొట్టే పెట్టె కూడా ఇచ్చాను, ఎందుకంటే లక్షల పట్టీ మీద 3,75,000 దగ్గర వేలితో ఆపడం ఎవరి వల్లా కాదు. రెండు గుండీల దానికి ఎంఐటీ లైసెన్సుతో ఉచితంగా దొరికే నోయూఐస్లైడర్ వాడాను. మొత్తం ఒకటిన్నర రోజు పని.

అయినా కొనాలనే అనుకుంటే, డబ్బు కట్టే ముందు డెమో పేజీని తక్కువ ధర ఫోన్‌లో తెరిచి, వేలిని కాస్త ఏటవాలుగా లాగి చూడండి. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, బాణం మీటలతో జరపండి. రెండు గుండీలనూ ఒక చివరకు తోయండి. మెట్టు 0.1గా, గరిష్ఠం 25,00,000గా పెట్టి చూపమని విక్రేతకు రాయండి. జవాబు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో కూడా లెక్కపెట్టుకోండి. నా ఫిర్యాదుకు తొమ్మిదో రోజున వచ్చింది: ఈ లోపాలన్నీ వచ్చే వెర్షన్‌లో సరిచేస్తున్నారట, పాత కొనుగోలుదారులకు అది సగం ధరకే ఇస్తారట.