వార్డీనా, లాంబర్టా?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో కింది లీగుల నుంచి పైకొచ్చిన స్ట్రైకర్ (గోల్స్ కొట్టే ఆటగాడు) అనగానే అందరూ జేమీ వార్డీ పేరే చెప్తారు, నిజమే మరి, స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న క్లబ్‌లో వారానికి 30 పౌండ్లకి ఆడినోడు 2012లో లెస్టర్ క్లబ్‌కి వెళ్ళి 2015-16లో వరసగా 11 లీగ్ మ్యాచుల్లో గోల్ కొట్టి ప్రీమియర్ లీగ్ (అక్కడి టాప్ లీగ్) టైటిల్ కూడా గెలిచాడు. కానీ నా ఓటు రికీ లాంబర్ట్‌కే.

వార్డీకి స్పీడుంది, డిఫెండర్ల వెనక కాస్త ఖాళీ దొరికితే చాలు. లాంబర్ట్‌కి అదీ లేదు. లివర్‌పూల్ క్లబ్ చిన్నప్పుడే వద్దనేసింది, కొన్నాళ్ళు బీట్‌రూట్ ఫ్యాక్టరీలో సీసాలకి మూతలు బిగించాడు, తర్వాత మాక్లెస్‌ఫీల్డ్, స్టాక్‌పోర్ట్, రోచ్‌డేల్, బ్రిస్టల్ రోవర్స్ అంటూ కింది లీగుల క్లబ్బుల్లో ఏళ్ళకేళ్ళు తిరిగాకే సౌతాంప్టన్ క్లబ్‌కి చేరాడు. 2013 ఆగస్టులో వెంబ్లీలో స్కాట్లండ్ మీద 31 ఏళ్ళకి ఇంగ్లండ్‌కి ఫస్ట్ మ్యాచ్, సబ్‌గా (ఇంకొకడి బదులు మధ్యలో) దిగాడు, కార్నర్ వచ్చింది, ఫస్ట్ టచ్ హెడర్, గోల్! ఇప్పటికీ ఆ వీడియో చూస్తే కళ్ళు చెమరుస్తాయి నాకు.