తిరుపతి చుట్టూ పలుగురాళ్ళ కోసం

తిరుపతి వెళ్లొచ్చామంటే ఎవరైనా ముందు అడిగేది దర్శనానికి ఎన్ని గంటలు పట్టిందని. మేం వెళ్లింది రాళ్ళ కోసం. మేం అంటే నేనూ, మా బావమరిదీ. నాకు స్ఫటికాల పిచ్చి, అతనికి కారు తోలే పిచ్చి. దర్శనం కూడా చేసుకున్నాం లెండి, లేకపోతే ఇంట్లో ఊరుకోరు.

ఏడు కొండలూ పలుగురాయి (క్వార్ట్జ్) జాతే కదా, వెతికితే ఒక్క మంచి స్ఫటికమైనా దొరక్కపోతుందా అని చాలామంది అనుకుంటారు. దొరకదు. స్ఫటికం ఆరు పలకలతో, పైన మొనతో పెరగాలంటే రాతి లోపల ఖాళీ ఉండాలి. తిరుమల కొండది క్వార్ట్‌జైట్. ఒకనాటి ఇసుకే గట్టిపడి, రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయిన రాయి. సరుకు అదే సిలికా, కానీ పెరగడానికి సందు లేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఏ ఊరికి ఏ ఆశతో వెళ్లాలో తేలిపోతుంది.

అలాగని కొండను వదిలేయకండి. చూడ్డానికి దీన్ని మించింది ఈ చుట్టుపక్కల లేదు. ఘాట్ రోడ్డులో కింద ఉన్నది పాత గ్రానైట్, దాని మీద పరుపులు పరుపులుగా క్వార్ట్‌జైట్. రెండూ కలిసే గీత దగ్గర మధ్యకాలపు రాళ్ళే లేవు, మాయమైన కాలం 50 కోట్ల ఏళ్ళకు పైమాటే. దీన్నే ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అంటారు, జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. ఇబ్బంది ఏమిటంటే ఘాట్‌లో మన ఇష్టమొచ్చిన చోట బండి ఆపడం కుదరదు. బస్సులో వెళ్తే కిటికీ పక్క సీటు పట్టుకోండి. పైన చక్రతీర్థం దగ్గరున్న శిలాతోరణం కూడా క్వార్ట్‌జైటే. 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. చుట్టూ కంచె ఉంటుంది, దూరం నుంచే చూడాలి. పొద్దున్నే వెళ్తే ఏటవాలు ఎండలో రాతి పొరలు బాగా కనిపిస్తాయి. పది గంటలు దాటితే సెల్ఫీల రద్దీ.

సుత్తి, ఉలి మాత్రం సంచిలో పెట్టుకుని కొండెక్కకండి. అలిపిరిలో సామానంతా తనిఖీ చేస్తారు. పైగా శేషాచలం అడవిలో ఎర్రచందనం దొంగల మీద నిఘా ఎక్కువ. పనిముట్లతో తిరిగేవాడు రాళ్ళవాడో చెట్లవాడో అక్కడి సిబ్బందికి ఎలా తెలుస్తుంది? మావి తిరుపతిలో గదిలోనే వదిలేశాం. తలకోన కూడా అంతే. అది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో భాగం, గులకరాయి కూడా తేకూడదు. జలపాతం చూసి, తడిసి, వచ్చేయడమే.

బసకు తిరుపతిలో టీటీడీ వాళ్ళ శ్రీనివాసం, విష్ణు నివాసం ఉన్నాయి. ఒకటి బస్టాండు ఎదురుగా, ఇంకోటి రైల్వే స్టేషన్ ఎదురుగా. ముందే బుక్ చేసుకుంటే చవక, శుభ్రం. కానీ దర్శనం టోకెన్లు కూడా అక్కడే ఇస్తారు కాబట్టి జనం విపరీతం. మాకు దొరకలేదు, ఒక ప్రైవేటు లాడ్జీలో దిగాం. గూడూరు వైపు రాళ్ళు ఏరి తిరిగొచ్చాక మా సంచుల బరువు చూసి "ఏముండాయి సార్ ఇందులో?" అని రిసెప్షన్ కుర్రాడు అడిగాడు. రాళ్ళంటే నమ్మలేదు, విప్పి చూపించాల్సొచ్చింది. లిఫ్ట్ పనిచేయక మూడో అంతస్తు దాకా మేమే మోశాం. ఆ లాడ్జీకి మళ్ళీ వెళ్లను.

శ్రీకాళహస్తి నా దృష్టిలో కొనే ఊరు కాదు. రాహుకేతు పూజల వల్ల గుడి చుట్టుపక్కల గోమేదికం, వైడూర్యం, స్ఫటిక మాలలు అమ్మే కొట్లు ఉన్నాయి. మాలల్లో గాజు పూసలు కలుస్తాయి. లెన్స్‌తో చూస్తే గాజులో గుండ్రటి గాలిబుడగలు కనిపిస్తాయి. అసలు స్ఫటికంలో సన్నటి పొగలాంటి మచ్చలు, లోపలి పగుళ్ళు ఉంటాయి. చేతిలోకి తీసుకోగానే చల్లగా తగులుతుంది, గాజు అంత చల్లగా అనిపించదు. ముదురు నారింజ సిట్రిన్ (పసుపు ఛాయ స్ఫటికం) చూపిస్తే ఇంకా జాగ్రత్త, బజార్లో చాలావరకు కాల్చిన అమెథిస్టే (ఊదారంగు స్ఫటికం). భక్తితో కొనేవాళ్ళ సంగతి వేరు, సేకరణకైతే డబ్బులు దాచుకోండి.

మా ప్రయాణంలో అసలు సరదా గూడూరు వైపు. గూడూరంటే అందరికీ నిమ్మకాయలు గుర్తొస్తాయి, రాళ్ళవాళ్ళకి మాత్రం అభ్రకం (మైకా). తిరుపతి నుంచి రేణిగుంట, కాళహస్తి, వెంకటగిరి మీదుగా రైలుంది. కారైతే సైదాపురం వైపు ఊళ్ళలో తిరగడం తేలిక. ఇక్కడి రాయి పెగ్మటైట్. నీటి అంశం ఎక్కువున్న శిలాద్రవం చల్లబడుతూ గట్టిపడింది కాబట్టి ఒక్కో ఖనిజం చేతికి పట్టేంత, కొన్నిచోట్ల మనిషంత పెరిగింది. ఇక్కడ దొరికే నెల్లూరు అభ్రకానికి లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. జార్ఖండ్ వైపు కోడెర్మాది ఎర్రటి రూబీ మైకా. రెండూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు.

గనులు చాలావరకు మూతపడ్డాయి. గనుల్లోంచి తీసి పారేసిన రాళ్ళ పాత గుట్టలు మిగిలాయి, వాటికీ లీజుదారులు ఉంటారు. మేం ముందు ఊళ్ళో అడిగి, సూపర్‌వైజర్‌తో మాట్లాడి, ఆయన సరేనన్నాకే లోపలికి వెళ్లాం. "ఇవి ఎందుకు సార్, ఇంటికి పునాదికా?" అని నవ్వాడాయన. ఒకప్పుడు గనిలో పనిచేసిన పెద్దాయన్ని మాకు తోడిచ్చాడు. ఆయన లేకపోతే సగం తెలిసేది కాదు. కాకి బంగారం, అంటే అభ్రకం దొంతరని గోటితో పొరలు పొరలుగా విడదీశాడు. తెల్లరాయి ముక్కల మధ్య పలుగుకీ ఫెల్స్‌పార్‌కీ తేడా చూపించాడు: ఫెల్స్‌పార్ చదునుగా విరిగి ఎండకి తళుక్కుమంటుంది, పలుగు గాజులా వంపుగా విరుగుతుంది. చాకుతో గీస్తే పలుగు మీద గీత పడదు.

ఇక్కడి పలుగులో మొనదేలిన స్ఫటికాలు మాకు కనిపించలేదు, అంతా ముద్దగానే ఉంది. కానీ ఆ ముద్దలో నాటుకున్నవి చూడాలి. నల్ల టూర్మలిన్ కడ్డీలు, అడ్డంగా చూస్తే ఉబ్బిన మూడు మూలలు, పొడవునా గీతలు. ఎర్రటి గార్నెట్లు. లేత ఆకుపచ్చ బెరిల్ ముక్క ఒకటి మా బావమరిదికి దొరికింది, నాకు కాదు. బెరిల్ కూడా ఆరు పలకలదే కాబట్టి పొరబడే వీలుంది. గీతలు చూస్తే తెలుస్తుంది: బెరిల్‌కి నిలువుగా, క్వార్ట్జ్ స్ఫటికానికి అడ్డంగా ఉంటాయి. తెల్ల పలుగులో అడ్డంగా దూరిన నల్ల టూర్మలిన్ ముక్క ఒకటి నా అలమరలో ఇప్పుడు ముందు వరసలో ఉంది. అందం సంగతి ఏమోగానీ ఎక్కడ ఏరానో నాకు తెలుసు.

చేతి తొడుగులు, బూట్లు తప్పనిసరి. అభ్రకం సన్నటి అంచులు కోసేస్తాయి. కంచె లేని పాత గుంతల్లో నీళ్ళు నిలిచి లోతు తెలియదు. పిల్లల్ని తీసుకెళ్లకండి. తిండికి గూడూరు చేరేదాకా ఆగాల్సిందే.

కుప్పం వైపు చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులున్నాయి. కోలార్ బంగారు రాతిపట్టీ దక్షిణంగా ఇక్కడిదాకా సాగింది. కేజీఎఫ్ (కోలార్ గనులు)తో పాటే 2001లో ఇవీ మూతపడ్డాయి. బయటి నుంచి చూడటమే, లోపలికి వెళ్లే వీల్లేదు. బంగారం ఉన్నది పలుగు సిరల్లో, కానీ అవి పగుళ్ళు పూర్తిగా నిండిపోయిన పాల తెలుపు రాళ్ళు. స్ఫటికాలు వెతికేవాడికి పనికిరావు. చరిత్ర మీద ఆసక్తి ఉంటేనే అంత దూరం వెళ్లండి. కుప్పంలో యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ ఉండటం వల్ల లాడ్జీలు, భోజనం పర్వాలేదు. దారిలో పలమనేరులో తాగిన టీ మాత్రం బాగా గుర్తుంది.

నిజంగా మెరిసే క్లస్టర్లు (స్ఫటికాల గుత్తులు) కావాలంటే మహారాష్ట్ర సరుకే కొనాలి. లావా గట్టిపడిన దక్కన్ బసాల్ట్‌లో గాలిబుడగలు మిగిల్చిన ఖాళీల్లో క్వార్ట్జ్, అపోఫిలైట్, స్టిల్‌బైట్ లాంటి ఖనిజాలు తీరిగ్గా పెరిగాయి. జల్గావ్, నాసిక్, పుణె పేర్లు రాసిన చీటీ ఉన్న పీసే తీసుకోండి, చీటీ లేనిదానికి నేను సగం ధర కూడా ఇవ్వను. కొనేముందు వాటిని చేత్తో పట్టుకుని చూడాలనుకుంటే తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ జియాలజీ విభాగంలో అడగవచ్చు. మేం అనుమతి తీసుకుని వెళ్తే పాఠాలకు వాడే నమూనాలు ఓపిగ్గా చూపించారు. గులాబీ రంగు స్టిల్‌బైట్ నడుం దగ్గర కట్టిన వరి పనలా ఉంది. అపోఫిలైట్‌ని మాత్రం మొన పట్టుకుని ఎత్తొద్దన్నారు, అడ్డంగా పలకలా ఊడిపోతుందట.

కాలం సంగతి: మే నెలలో రేణిగుంట, గూడూరు ఎండకి గుట్టల మీద నిలబడలేం. నవంబరులో ఈశాన్య రుతుపవనాల వాన. వాన వెలిశాక గుట్టలు కడిగినట్టుండి కొత్త ముక్కలు పైకి తేలతాయి కాబట్టి డిసెంబరు చివర వెళ్దామంటాడు మా బావమరిది. నేను సంక్రాంతి రద్దీ పోయాక అంటున్నాను.